ఉత్తరం నుంచి ఫోన్ దాకా: ఆడపిల్లల హాస్టళ్లలో కాపలా చరిత్ర

ఆడపిల్లకి చదువెందుకన్న వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో చెప్పిన కారణాల్లో రెండు మళ్లీ మళ్లీ వినబడేవి. చదువుకున్న ఆడదాని మొగుడు బతకడన్నది ఒకటి. రాయడం వస్తే చాటుగా ఉత్తరాలు రాస్తుందన్నది రెండోది. మొదటిది ఉత్త మూఢనమ్మకం. వితంతువులు కాకుండానే చదువుకున్న ఆడవాళ్లు ఊరికి నలుగురు కనబడేసరికి అది దానంతటదే పోయింది. రెండోది మాత్రం పోలేదు, ఎందుకంటే అందులో కొంత నిజముంది. రాయడం వచ్చిన మనిషి నిజంగానే ఉత్తరం రాస్తుంది. ఎవరికి రాస్తుందో, ఏం రాస్తుందో, ఆమెకేం జవాబొస్తుందో ఇంట్లో వాళ్లకి తెలియకపోయే వీలు అక్షరంతోనే వచ్చింది. స్త్రీవిద్య మీద జరిగిన వాదమంతా పైకి చదువు గురించే అయినా, దాని అడుగున ఉన్నది ఈ భయమే.

రాసుసుందరీ దేవి కథ మనలో చాలామందికి తెలుసు. బెంగాల్లో ఒక కలిగిన ఇంటి కోడలు. చైతన్య భాగవతంలోంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుని, దొంగతనంగా చదవడం నేర్చుకుంది. మనం సాధారణంగా ఆ కథని అక్కడితో ఆపేస్తాం. కానీ ఆమె రాయడం నేర్చుకున్నది చాలా ఆలస్యంగా. దూరాన ఉన్న కొడుకు తన ఉత్తరాలకు జవాబు రావడం లేదని నొచ్చుకుని, రాసే సామగ్రి తెచ్చిచ్చాక నేర్చుకుంది. చదవడం లోపలికి తీసుకోవడం, రాయడం బయటికి పంపడం. లోపలికి వచ్చేదాన్ని దాచుకోవచ్చు. బయటికి పోయేదానికి మాత్రం ఇంట్లో ఎవరిదో ఒకరి అనుమతి కావాలి. మన దగ్గర కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి స్త్రీవిద్యని సమర్థిస్తూ వాదాలు చేసిన కాలంలోనూ, భండారు అచ్చమాంబ ‘స్త్రీవిద్య’ అనే కథను భార్యాభర్తల సంభాషణగా రాసిన కాలంలోనూ చదువుకి అనుమతి దొరికింది భార్యగా, తల్లిగా. ఉత్తరం భర్తకి రాయొచ్చు, కొడుక్కి రాయొచ్చు. ఆ హద్దులో ఉన్నంతవరకూ అక్షరం ప్రమాదం కాదు.

హాస్టల్ వచ్చాక ఈ ఏర్పాటు చెదిరింది. పెళ్లి కాని పిల్ల, తండ్రి ఇంట్లోనూ మొగుడి ఇంట్లోనూ కాకుండా మూడో చోట నిద్రపోవడం మన సమాజంలో చాలా కొత్త విషయం. ఆ పిల్లను ఎవరు కాపలా కాయాలి, ఎలా కాయాలి అన్న ప్రశ్న హాస్టల్‌తోనే పుట్టింది. ఇవాళ రెసిడెన్షియల్ స్కూళ్లలో ఆడపిల్లల ఫోన్ల గురించీ, ఇంటర్నెట్‌లో వాళ్ల భద్రత గురించీ మనం మాట్లాడుతున్న మాటలు ఈ ప్రశ్నకి తాజా రూపాలు మాత్రమేనని నాకనిపిస్తుంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చూడాలనుకున్నాను.

మూడో ఇల్లు

పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనం పెట్టారు. మరుసటి ఏడాది అది పూణెకి మారింది. బాల వితంతువులు ఉండి చదువుకునే ఇల్లది. రమాబాయి అప్పటికే క్రైస్తవం తీసుకున్నారు. సదనంలో మతబోధ ఉండదని మాటిచ్చారు. అయితే ఆమె తన గదిలో ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసుకునేవారు కాదు. ఇష్టమైన పిల్లలు వచ్చి కూర్చునేవారు. దాని మీద 1893లో పెద్ద దుమారం లేచింది. రానడే, భండార్కర్ వంటి సంస్కర్తలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది సంరక్షకులు వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు.

ఈ సంఘటనను మతం మారడం గురించిన వివాదంగానే చదువుతుంటాం. హాస్టల్ చరిత్రగా చదివితే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఒక తలుపు తెరిచి ఉందన్న కారణానికి ఎందరో పిల్లల చదువు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ గదిలోకి వెళ్లిన పిల్లలదీ, వెళ్లని పిల్లలదీ కూడా. హాస్టల్‌కి చెడ్డపేరొస్తే దాని ఖరీదు కట్టేది సంస్థ కన్నా ముందు పిల్లలే. ఆ తర్వాత ఆడపిల్లల హాస్టల్ పెట్టిన ప్రతి ఒక్కరికీ ఈ భయం తెలుసు. సంస్థ బతకాలంటే బయటి ప్రపంచానికి ఒక హామీ ఇవ్వాలి: మా దగ్గర తలుపులు మూసే ఉంటాయి.

తెలుగు నేల మీద మిషన్ల బోర్డింగ్ స్కూళ్లు మొదలైంది కూడా ఆ కాలంలోనే. దళిత కుటుంబాల్లోంచి మొదటిసారి చదువుకున్న ఆడపిల్లలు ఎందరో వాటిల్లోంచే వచ్చారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం స్థాపించారు. మద్రాసులో దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. వీటిలో చదువుకున్నవాళ్లకి అవి జీవితాన్ని ఇచ్చిన చోట్లు. బాల్యవివాహం నుంచీ, వైధవ్యం నుంచీ, చాకిరీ నుంచీ పారిపోయి రాగలిగిన చోట్లు. హాస్టల్‌ని కేవలం జైలుగా చూపించే రాతలు నాకు నచ్చవు. అవి రాసేవాళ్లకి సాధారణంగా హాస్టల్ అవసరం పడి ఉండదు.

స్వతంత్రం వచ్చాక ఈ బాధ్యత నెమ్మదిగా ప్రభుత్వం మీదికి వచ్చింది. నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకుల పాఠశాల మగపిల్లలది. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, 1986 విద్యావిధానం తర్వాత నవోదయలు వచ్చాయి. 2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకం తెచ్చింది. దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల ఆడపిల్లలు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉండి చదువుకునే బడులవి. 2018 నుంచి వాటిని పన్నెండో తరగతి దాకా పెంచుకునే వీలు కల్పించారు. 2014 తర్వాత తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు ఇంకా పెరిగాయి. ఇవి కాక రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్మీడియట్ పిల్లల్ని వందల సంఖ్యలో ఒకే భవనంలో ఉంచే ప్రైవేటు కాలేజీలున్నాయి. దేశంలో ఆడపిల్లలు ఇంత పెద్దఎత్తున హాస్టళ్లలో పెరుగుతున్న ప్రాంతాలు తక్కువేననుకుంటాను. కాబట్టి హాస్టల్లో పిల్ల క్షేమంగా ఉండటం అంటే ఏమిటన్న ప్రశ్న మనకి ఊహలో ప్రశ్న కాదు.

ముందే చదివిన ఉత్తరం

నేను ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా గురుకులంలో చదివాను. 2001లో చేరాను. మా ట్రంకు పెట్టెల్లో ఇన్‌లాండ్ కవర్లుండేవి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో వరసగా కూర్చుని ఉత్తరాలు రాసేవాళ్లం. రాసినవి అంటించకుండా మేడంకి ఇవ్వాలి. ఆమె చదివి, అంటించి, పోస్టుకి పంపించేది. వచ్చిన ఉత్తరాలు చించి ఉండేవి. మాకది వింతగా అనిపించేది కాదు. ఉత్తరమంటే అలాగే వస్తుందనుకునేవాళ్లం.

నా సాహిత్య పరిశోధన ఆడవాళ్ల ఉత్తరాల మీద. ఆ పనిలో భాగంగా వేర్వేరు కాలాల్లో హాస్టళ్లలో చదివిన ఆడవాళ్లతో మాట్లాడాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) కోసం ఆడవాళ్ల దగ్గర కూర్చుని విన్న పద్ధతే నాకు దారి చూపింది. డెబ్భై దాటిన పెద్దావిడ దగ్గర్నుంచి ఇరవై రెండేళ్ల అమ్మాయి దాకా నేను విన్నవాటిలో చాలా తేడాలున్నాయి. తిండి వేరు, బట్టలు వేరు, కులాన్ని బట్టి పడిన మాటలు వేరు. ఉత్తరాన్ని ముందు ఇంకొకరు చదివేవాళ్లన్నది మాత్రం ఉత్తరాలు రాసిన కాలంలో చదివిన దాదాపు అందరూ చెప్పారు.

ఆ ఉత్తరాల్లో కొన్ని చూశాను. దాచుకున్నవాళ్లు చూపించారు. చదువుతుంటే అవన్నీ ఒకరే రాశారా అనిపిస్తుంది. నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను. బాగా చదువుకుంటున్నాను. అన్నం బాగుంది. మేడం బాగా చూసుకుంటున్నారు. తమ్ముడిని అడిగినట్టు చెప్పండి. లేఖాసాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు ఉత్తరంలో ఇద్దరే ఉంటారనుకుంటాం, రాసేవాళ్లూ చదివేవాళ్లూ. ఇక్కడ మధ్యలో మూడో మనిషి కూర్చుని ఉంది. పదకొండేళ్ల పిల్ల ఆ మూడో మనిషి కోసం రాయడం నేర్చుకుంటుంది. జ్వరమొచ్చిందని రాయదు. పెద్ద క్లాసు పిల్లలు కొట్టారని రాయదు. రాత్రిళ్లు ఏడుపొస్తోందని రాయదు. అంటే హాస్టల్ ఆమెకి నేర్పిన మొదటి వచనరచన, బాగా లేనప్పుడు బాగున్నానని రాయడం. ఎనిమిదో తరగతిలో మా క్లాసు పిల్ల ఒకతె ఇంట్లో పెళ్లి చూపులు పెట్టుకున్నారని తెలిసి, వద్దని అన్నకి రాయాలనుకుంది. ఆ మాట మేడం కంట పడుతుందని రాయలేదు. వేసవి సెలవులకి వెళ్లి, మళ్లీ రాలేదు.

ఇందులో గమనించవలసిన సంగతి ఇంకొకటుంది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం, ప్రజలకు అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడో, ప్రజల భద్రతకో శాంతికో అవసరమైనప్పుడో మాత్రమే సర్కారు ఉత్తరాన్ని మధ్యలో ఆపొచ్చు. 2024లో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా ఉన్నది అదే. సామ్రాజ్యాన్ని ఏలిన తెల్లదొర కూడా ఒకరి ఉత్తరం విప్పడానికి కాగితం మీద ఒక కారణం చూపించాలి. హాస్టల్లో ఆడపిల్ల ఉత్తరం విప్పడానికి ఏ కారణమూ అక్కర్లేదు. ఆడపిల్ల కావడమే చాలు. మగపిల్లల హాస్టల్లో చదివిన మా అన్నదమ్ములు తమ ఉత్తరాలు తామే డబ్బాలో వేసుకునేవాళ్లు.

కాయిన్ బాక్సు, ఆ తర్వాత

ఉత్తరం పోయి ఫోనొచ్చింది. మా చివరి రెండేళ్లలో ఆఫీసు గది బయట కాయిన్ బాక్సు పెట్టారు. రూపాయి బిళ్లకి ఒక పిల్ల మాట్లాడేది, వెనకాల ఇరవై మంది నిలబడేవాళ్లు. అక్కడా మూడో మనిషి ఉంది. ఆయా పక్కనే కూర్చునేది. అందరూ వింటుండగా అమ్మతో చెప్పగలిగింది కూడా ఉత్తరంలో రాసినదే: బాగున్నాను.

చేతిలో పట్టే ఫోన్ వచ్చాక ఆ మూడో మనిషికి చోటు పోయింది. కంగారు అక్కడ మొదలైంది. స్కూలు హాస్టళ్లలో ఫోన్ పూర్తిగా నిషేధం. కాలేజీ హాస్టళ్లలో కొన్ని గంటలు నిషేధం. సోదాలు, పరుపుల కింద వెతకడాలు, దొరికితే అందరి ముందూ పగలగొట్టడాలు. ఆఖరి మాట నేను విన్నవాళ్లలో ముగ్గురు చెప్పారు, మూడు వేర్వేరు జిల్లాల నుంచి.

ఈ విషయం మొదటిసారి గట్టిగా కోర్టు ముందుకి వచ్చింది కేరళలో. కోజికోడ్ జిల్లా చేలన్నూర్‌లో కాలేజీలో బీఏ ఇంగ్లీషు చదువుతున్న ఫహీమా షిరిన్ హాస్టల్లో ఉండేది. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఆడపిల్లలు ఫోన్లు అప్పగించాలని హాస్టల్ నియమం. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషిని, నా చదువుకి అది కావాలి అని ఆమె ఒప్పుకోలేదు. 2019లో హాస్టల్ నుంచి పంపేశారు. తండ్రి ఆమె పక్షాన నిలబడ్డాడు. తల్లిదండ్రులు కోరితేనే ఈ నియమం పెట్టామని కాలేజీ వాదించింది. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు న్యాయమూర్తి పి.వి.ఆశ తీర్పునిస్తూ, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని చెప్పి, ఆమెను తిరిగి హాస్టల్లో చేర్చుకోమన్నారు. అంతకు రెండేళ్ల ముందు, 2017లో, పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతని ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ పెద్ద తీర్పు ఒక ఆడపిల్ల హాస్టల్ గదిలోకి నడిచొచ్చింది ఈ కేసుతోనే. 2015లో ఢిల్లీ విద్యార్థినులు ‘పింజ్రా తోడ్’ అంటూ హాస్టల్ వేళల మీద చేసిన పోరాటాన్ని కూడా దీని పక్కన పెట్టి చూడాలి.

ఆర్నెల్లు తిరక్కుండానే లోకం తలకిందులైంది. 2020 మార్చిలో హాస్టళ్లు మూసేశారు. ఏ ఫోనునైతే చదువుకి శత్రువన్నారో అదే బడి అయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడి చేతిలోకి పోయిన అమ్మాయిలు ఎందరో. ఆ ఏడాది నవంబరులో షాద్‌నగర్‌లో ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఢిల్లీ లేడీ శ్రీరామ్ కాలేజీలో గణితం చదువుతున్న పిల్ల. లాప్‌టాప్ లేదు, రావలసిన స్కాలర్‌షిప్ రాలేదు, హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు. ఒక చావుకి ఒకే కారణం చెప్పడం తప్పు. కానీ పేదింటి ఆడపిల్లకి హాస్టలూ, ఇంటర్నెట్టూ, డబ్బూ మూడూ ఒకే తాడుకి వేలాడుతుంటాయని ఆ అమ్మాయి చెప్పిపోయింది. హాస్టళ్లు తెరిచాక చాలాచోట్ల గేటు దగ్గర అట్టపెట్టెలు పెట్టి ఫోన్లు మళ్లీ వసూలు చేశారు. ఏడాదిన్నర పాటు ఆ తెర మీద పిల్లలు ఏం చూశారో, ఎవరితో మాట్లాడారో, ఏం భయపడ్డారో అడిగినవాళ్లు తక్కువ.

గోడకి ఇవతలి ప్రమాదం

ఇంటర్నెట్‌లో ప్రమాదం లేదని నేననడం లేదు. ఉంది. మార్ఫింగ్ చేసిన ఫొటోలు, ఆడపిల్ల పేరుతో తెరిచిన దొంగ అకౌంట్లు, పరిచయం చేసుకుని ఒక ఫొటో అడిగి, ఆ ఒక్క ఫొటోతో ఇంకా కావాలని బెదిరించేవాళ్లు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఫొటో అడగవలసిన పని కూడా లేదు. స్కూలు వార్షికోత్సవంలో తీసిన గ్రూప్ ఫొటో చాలు. ఫోన్ ఉన్న పిల్లకే ఇవి జరుగుతాయనుకోవడం పొరపాటు. ఫోన్ లేని పిల్ల బొమ్మ కూడా ఎవరి ఫోన్లోనో ఉంటుంది. నిషేధం ఆమె చేతిని కట్టేస్తుంది గానీ ఆ బొమ్మని ఆపలేదు.

2024 ఆగస్టులో కృష్ణా జిల్లా గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థినులు తమ హాస్టల్ బాత్రూముల్లో రహస్య కెమెరాలున్నాయని ఆరోపిస్తూ రాత్రంతా ఆందోళన చేశారు. కెమెరాలేవీ దొరకలేదని పోలీసులన్నారు. ఆ కేసు నిజానిజాలు తేల్చడం నా పని కాదు. నన్ను ఆపిన దృశ్యం వేరే. అన్ని వందల మంది అమ్మాయిలు చీకట్లో సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని కూర్చుంటే తప్ప తమ మాట ఎవరూ వినరని ఎందుకనుకున్నారు? హాస్టల్లో మాట చెప్పుకునే దారి ముందునుంచీ ఉంటే ఆ రాత్రి వేరుగా ఉండేది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. సమాచార సాంకేతిక చట్టానికి చేసిన సవరణ 2009లో అమల్లోకి వచ్చి, పిల్లల్ని లైంగికంగా చూపించే దృశ్యాలను తయారుచేయడం, పంచడం, చూడడం 67బి కింద నేరమైంది. 2012 పోక్సో చట్టం, లైంగిక ఉద్దేశంతో పిల్లల్ని ఫోన్ ద్వారానో నెట్ ద్వారానో పదేపదే వెంటాడటాన్ని లైంగిక వేధింపుగా గుర్తించింది. నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలంది. సంస్థ బాధ్యులు చెప్పకపోతే ఏడాది దాకా శిక్ష. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో సాహిత్యం చదువుకున్న నాకు మరీ నచ్చిన మాటొకటుంది. ‘పిల్లల అశ్లీల చిత్రాలు’ అనే అర్థం వచ్చే పాత పదం వాడొద్దనీ, వాటిని పిల్లల మీద లైంగిక దోపిడీ, అత్యాచారాల సామగ్రి అని పిలవాలనీ కోర్టు చెప్పింది. పాత పదంలో పిల్ల సిగ్గుపడాలి. కొత్త పదంలో నేరం చేసినవాడు సిగ్గుపడాలి. మాట మారితే సిగ్గు ఎవరి వైపు ఉందో మారుతుందని స్త్రీవాదులు ఎప్పట్నుంచో చెబుతున్నదే.

అయితే ఆ మాట హాస్టల్ దాకా చేరలేదు. నేను మాట్లాడిన ఇరవై రెండేళ్ల అమ్మాయి ఇంటర్ హాస్టల్లో ఉండగా ఒకడు ఆమెని ఏడాదిపాటు బెదిరించాడు. మూడేళ్ల తర్వాత నాతో చెబుతున్నప్పుడు కూడా గొంతు తగ్గించే మాట్లాడింది. మేడంకి ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. “చెబితే ముందు నా ఫోన్ తీసుకుంటారక్కా. తర్వాత మా నాన్నని పిలుస్తారు. నాన్న వచ్చి టీసీ అడుగుతాడు. వాడికేమీ కాదు, నా చదువు పోతుంది” అంది. ఎంత స్పష్టంగా లెక్క వేసుకుందో చూడండి. ఆమె మీద బెదిరింపు పనిచేసింది వాడి బలంతో కాదు, మన నియమాల బలంతో. వాడు పట్టుకున్న తాడు రెండో కొస హాస్టల్ చేతిలోనే ఉంది. 1893లో పూణెలో పిల్లల్ని తీసుకుపోయిన సంరక్షకులూ, 2004 చుట్టుపక్కల మా క్లాసు పిల్ల రాయని ఉత్తరమూ, ఈ అమ్మాయి మౌనమూ నాకు ఒక్క వరసలో కనిపిస్తాయి. చెడ్డపేరు వస్తే పోయేది ఆడపిల్ల చదువు. కాబట్టి ఆడపిల్ల నోరు మూసుకుంటుంది. నోరు మూసుకున్న పిల్లను మించి ఎరగా దొరికేది ఎవరు?

కాపలా కాసే మనిషి

ఇంతవరకూ మేడంల గురించి రాసినది చదివి వాళ్లనే దోషులుగా చూస్తే అన్యాయమవుతుంది. కస్తూర్బా విద్యాలయాల్లో పనిచేసే టీచర్లు, అకౌంటెంట్లు, వంటవాళ్లు, కాపలావాళ్లు ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఆడవాళ్లే. చాలాచోట్ల పగలు పాఠం చెప్పిన టీచరే వంతులవారీగా రాత్రి హాస్టల్లో పడుకోవాలి. సొంత పిల్లల్ని ఇంట్లో వదిలి రెండు వందల మంది పిల్లల జ్వరాలు, నెలసరులు, ఏడుపులు చూసుకోవాలి. ఏదైనా జరిగితే మొదట సస్పెండ్ అయ్యేదీ, పేపర్లో పేరొచ్చేదీ ఆమెదే.

రిటైరైన వార్డెన్ ఒకావిడ నాతో అన్నారు, “అమ్మాయ్, నేను ఉత్తరాలు చదివింది కుతూహలం కొద్దీ కాదు. ఒక్క పిల్ల గోడ దూకితే మిగతా నూట యాభై మందినీ మర్నాడు తండ్రులొచ్చి తీసుకుపోతారు. ఆ నూట యాభై మంది కోసం చదివాను.” ఆవిడ మాటలో నిజాయితీ ఉంది. రమాబాయి తెరిచిన తలుపుకి కట్టిన ఖరీదు ఆవిడకి చరిత్ర పుస్తకం చదవకుండానే తెలుసు. కానీ ఆ లెక్కలో ఆ ఒక్క పిల్ల ఎందుకు గోడ దూకాలనుకుందో అడిగే చోటు లేదు. పితృస్వామ్యం తన కాపలా పనిని ఎప్పుడూ ఆడవాళ్ల చేతే, తక్కువ జీతానికి చేయిస్తుంది. కాపలా కాసే ఆడమనిషికీ కాపలాలో ఉన్న ఆడపిల్లకీ మధ్య నమ్మకం పుట్టకపోవడంలోనే దానికి లాభం.

2020లో తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం ‘సైబ్‌హర్’ పేరుతో ఆన్‌లైన్ భద్రత గురించి ప్రచారం చేపట్టింది. ఇలాంటి కార్యక్రమాలు అవసరమే. అయితే మన దగ్గర అవగాహన సదస్సు అనగానే పిల్లలకి చెప్పేవి చాలావరకు ‘వద్దు’లే. ఫొటో పెట్టొద్దు, కొత్తవాళ్లతో మాట్లాడొద్దు, నమ్మొద్దు. అన్నీ సరే. పెట్టాక, మాట్లాడాక, నమ్మాక ఏం చెయ్యాలి? అప్పటికే ఆ పరిస్థితిలో ఉన్న పిల్ల ఆ సదస్సులో కూర్చుని, తప్పు తనదేనన్న నిర్ధారణకి వచ్చి లేచిపోతుంది. చరిత్ర చదివాక నాకనిపించేది, చెప్పవలసిన మొదటి వాక్యం వేరే అని: ఏం జరిగినా, నువ్వు వచ్చి చెప్పినందుకు నీ ఫోనూ పోదు, నీ సీటూ పోదు.

ఈ వాక్యాన్ని నోటిమాటగా కాక హాస్టల్ నియమంగా రాసి గోడకి అంటించాలి. ఫిర్యాదు చేసిన పిల్లను ఆ కారణంతో పంపకూడదనీ, ఆ కారణంతో ఆంక్షలు పెంచకూడదనీ. బెదిరింపు మెసేజీలను భయంతో చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలని చెప్పాలి. పిల్లల సహాయానికి 1098 ఉంది, సైబర్ నేరాలకి 1930 ఉంది, 2019లో మొదలైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీల మీద, పిల్లల మీద జరిగే నేరాల గురించి పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇవి పిల్లకి తెలియడం ఎంత అవసరమో, ఆ నంబరుకి చేయడానికి ఎవరూ వినని చోట ఒక ఫోన్ ఉండటం అంతే అవసరం. ఆయా పక్కన కూర్చున్న కాయిన్ బాక్సు నుంచి 1098కి ఎవరూ చేయరు. ఫోన్ వేళలు ఉండకూడదని నేను వాదించను. పన్నెండేళ్ల పిల్లకి నిద్ర కావాలి. ఆ వేళలు పిల్లలతో కూర్చుని పెట్టాలి, పై క్లాసులకి వెళ్లేకొద్దీ మారాలి, మగపిల్లల హాస్టల్‌కీ అవే ఉండాలి. పిల్లల ఫొటోలు సంస్థ ప్రచారానికి వాడేముందు సంస్థ కూడా ఆ పిల్లల్ని అడగాలి. గోప్యత పాఠం అక్కడ మొదలవ్వాలి.

ఒక చిక్కు మాత్రం ఇంకా విడలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. వ్యాపార కంపెనీల నుంచి పిల్లల్ని కాపాడటానికి అది అవసరం కావచ్చు. కానీ ఇంట్లో పెళ్లి కుదిర్చిన పదహారేళ్ల పిల్ల సహాయం వెతుక్కోవలసింది ఎవరి సమ్మతితో? ఆడపిల్లకి సంబంధించిన ప్రతి చట్టం చివరికి తండ్రి సంతకం దగ్గరికే ఎందుకొస్తుంది? మా క్లాసు పిల్ల ఉత్తరం రాయాలనుకున్నది ఇంటి నుంచి తప్పించుకోవడానికి. రాయలేకపోయింది ఇంటి తరఫున కాపలా కాసిన హాస్టల్ వల్ల. రెండిళ్లూ ఒక్కటైపోయిన చోట మూడో ఇల్లు ఇంక మిగల్లేదు.

ఉత్తరాల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు రాసినవాటిని చదవాలనే అనుకున్నాను. ఇప్పుడు రాయనివాటి గురించి ఎక్కువ ఆలోచిస్తున్నాను. ఇవాళ గురుకులాల్లో, కస్తూర్బాల్లో, కాలేజీ హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఉత్తరాలు రాయరు. ఆదివారం ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడతారు. బాగున్నానంటారు. మనలో టీచర్లున్నారు, వార్డెన్లున్నారు, హాస్టల్లో పిల్లలున్న తల్లులున్నారు. ఆ మాట విని తృప్తిపడి ఫోన్ పెట్టేయకుండా, బాగా లేనని చెబితే ఏమవుతుందని ఆ పిల్ల అనుకుంటోందో ఒకసారి అడిగి చూడాలి. ఆమె చెప్పే జవాబుని బట్టి హాస్టల్ నియమాలు మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టొచ్చు.